ముప్పై ఏడో లైటు

మధ్యాహ్నం రెండింటికి రాస్ అల్ ఖైమాలో
పెళ్ళిహాలు వెనక షట్టరు ఎత్తితే
లోపల ఏసీ ఇంకా వెయ్యలేదు.
ఎనభై నాలుగు లైట్లు పెట్టెల్లోంచి దించాం
నేనూ, బిజోయ్, టేక్ బహదూర్.

ఒక్కోదాని నడుం మీద ఒక క్యూఆర్ స్టిక్కరు.
ఫోను చూపిస్తే చాలు, కూత పెడుతుంది.
ఏ తీగ మీదిది, ఎన్నో నంబరు,
పుట్టినప్పట్నుంచీ ఎన్ని గంటలు వెలిగింది
అడక్కుండానే చెప్పేస్తుంది.
'అవును' నొక్కితే అడ్రసు ఎక్కుతుంది.
ఎనభై నాలుగు కూతలకి నలభై నిమిషాలు.

నేనొచ్చిన కొత్తలో
లైటు వీపున పాలపళ్ళలాంటి స్విచ్చులుండేవి,
ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు...
ట్రస్సు మీద బోర్లా పడుకుని
అగ్గిపుల్లతో ఒక్కో పన్నూ ఎత్తేవాళ్ళం.
చెమట కంట్లో పడితే ఎనిమిది పదహారయ్యేది,
ఎర్రగా వెలగాల్సింది గిర్రున తిరిగేది,
ఫోర్‌మన్ మలయాళంలో మా తాతల్ని తలుచుకునేవాడు.

పుట్టపాకలో మా మేనత్త బాలనర్సమ్మ
గళ్ళ కాగితం ముందేసుకుని
నల్ల గడి, తెల్ల గడి లెక్కబెట్టి
నూలుకు చిటికి కట్టేది.
ఒక్క గడి తప్పిందా, చిలక ముక్కు వంకర,
చీర ధర సగం.
ఈ స్టిక్కరు మీద నాలుగు గళ్ళు చెరిగినా
ఫోను చదివేస్తుందంటే అత్త నమ్మలేదు.
"తప్పు తప్పే గదరా,
మిషినికైతే మాఫీ ఉంటదా?"

ఆరున్నరకి మగవాళ్ళమంతా బయటికి.
ఇది ఆడవాళ్ళ హాలు.
పదకొండేళ్ళుగా ఇలాంటి హాళ్ళలో
నేను బిగించిన లైట్లు
మనుషుల మీద వెలగడం ఒక్కసారీ చూళ్ళేదు.
గుమ్మం దగ్గర ఒకామె
వచ్చిన వాళ్ళ ఫోన్లన్నీ బుట్టలో పోగేస్తోంది.
కెమెరా ఉన్నదేదీ గడప దాటకూడదు.
బోర్డు నడిపే ఫిలిప్పీన్స్ పిల్ల జోవెలిన్ ఫోనూ అందులోనే,
చేతిలో ఒట్టి వాకీటాకీ.

తొమ్మిదింబావు. వ్యాన్లో పరోటా విప్పుతున్నాం.
గరగర.
"ముప్పై ఏడు పలకట్లేదు.
పెళ్ళికూతురి సోఫా వెనకది, నేల మీదిది.
పది నిమిషాల్లో ఆమె వచ్చేస్తుంది.
స్టిక్కరు కూడా లేదు."
ఉండి మాత్రం ఏం లాభం,
చూసే కన్ను బుట్టలో ఉంది.

కళ్ళు మూసుకున్నాను.
లైటుకి పదహారు గదులు,
ముప్పై రెండు లైట్లకి మొదటి తీగ నిండిపోతుంది,
ముప్పై ఏడంటే రెండో తీగ మీద ఐదోది,
నాలుగు పదహార్లు అరవై నాలుగు, ఆపైన ఒకటి.
పూర్వమైతే రెండు పళ్ళు ఎత్తితే సరిపోయేది.
"వెనక నాలుగు మీటలున్నాయా?
మొదటిది నొక్కు. పై బాణం పట్టుకో.
అరవై ఐదు దగ్గర వదిలెయ్."
"అరవై ఐదేనా?"
"అరవై ఐదే."
బిజోయ్ నమలడం ఆపేశాడు.

కాసేపు ఏమీ లేదు.
తర్వాత గోడల్లోంచి
వందమంది ఆడవాళ్ళ నాలుకల కేరింత,
అగరు పొగ వాసన,
వాకీటాకీలో ఒక్క మాట: "నీలం."
షట్టరు కింది సందులోంచి
బెత్తెడు నీలం తారు మీదికొచ్చి ఆగింది.
బహదూర్ తన చెప్పు దాంట్లో పెట్టి
రంగు మారిందా అని చూసుకున్నాడు.

పరోటా తిందామని కూర్చుంటే కనిపించింది
నా ప్యాంటు మోకాలికి అంటుకుని, ముప్పై ఏడో స్టిక్కరు.
కేబులు సర్దుతూ మోకరిల్లినప్పుడు వచ్చేసినట్టుంది.
ఒక మూల నలిగింది.
ఫోను చూపిస్తే కూత పెట్టింది.
'లైటు దొరికింది.
గుర్తుపట్టేందుకు ఒకసారి మిణుకుమనిపించాలా?'

అవును అంటే
ఎవరో తెలియని పెళ్ళికూతురి భుజాల వెనక
ఒక్క రెప్పపాటు.
ఎవరూ పట్టించుకోరు, జోవెలిన్ తప్ప.
బొటనవేలు అలాగే ఉంచాను,
ఫోను తెర దానంతటది నల్లబడేదాకా.

స్టిక్కరు ఒలిచి
టిఫిను మూతకి అంటించాను.
రాత్రి రెండింటికి విప్పేటప్పుడు కావాలి.